మొక్కజొన్న సాగు: దుక్కి, చొప్ప యాజమాన్యం

మొక్కజొన్న దిగుబడి విత్తనం, ఎరువులతో పాటు దుక్కి చేసే తీరు మీద, కోత తర్వాత చొప్పను ఏం చేస్తారన్నదాని మీద ఆధారపడుతుంది. నల్లమల, వెలికొండల నడుమ ఉన్న కొమరోలు, గిద్దలూరు ప్రాంతంలో వాన తక్కువ, ఎర్రనేలలు ఎక్కువ. ఇలాంటి నేలను పొడిపొడిగా దున్నాక గట్టి వాన పడితే పైన అట్ట కడుతుంది. మొలక దాని కిందే వంకర తిరిగి ఆగిపోతుంది. చొప్ప పరిచి ఉంటే చినుకు దెబ్బ నేలకు తగలదు, తడీ త్వరగా ఆరదు.

చొప్ప బరువు దాదాపు గింజల బరువంత ఉంటుంది. మొక్క తీసుకున్న పొటాష్‌లో అధిక భాగం అందులోనే. తగలబెడితే కర్బనం, నత్రజని గాల్లో కలుస్తాయి. కలియదున్నినా ఒక చిక్కుంది: చొప్పలో కర్బనం నత్రజనికి సుమారు 60 రెట్లు. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని వాడేసుకోవడంతో తర్వాతి పైరు కొన్నాళ్లు పసుపుబారుతుంది. విత్తేటప్పుడే కొంత యూరియా వేయడం దీనికి విరుగుడు.

మెట్టలో చొప్పకు అసలు పోటీదారు పశువు. అంతా చేలోనే వదలమంటే పాడి ఉన్న ఇంట్లో చెల్లదు. మోళ్లు ఎత్తుగా వదిలి పైది మేతకు తీసుకోవడం, పెంట తిరిగి చేలో చల్లడం, గొర్రెల మంద కట్టించడం మధ్యేమార్గాలు.

దున్నని సాగుకు ఆంధ్రలో పెద్ద ఉదాహరణ కృష్ణా డెల్టా. వరి కోశాక కొయ్యకాళ్ల మధ్యే, మిగులు తేమలో గుంత చేసి మొక్కజొన్న గింజ వేస్తారు. దుక్కి ఖర్చు, పదును కోసం ఆగే రోజులు మిగులుతాయి; కలుపు మందు మాత్రం తప్పదు. అయితే 2018లో దేశంలో తొలిసారి కనిపించిన, మొక్కజొన్నను తినే కత్తెర పురుగు నేలలోనే కోశస్థ దశ గడుపుతుంది కాబట్టి వేసవి లోతు దుక్కికీ వాదన బలంగానే ఉంది.