పొలం ఆవిరి, కారు పొగ

సంస్థల చరిత్ర వ్రాసేవారు భవనాలనూ బహుమతులనూ లెక్కిస్తారు గాని, లోపల కూర్చుని లెక్కలు సరిచూచినవారిని తరచు మరచిపోతారు. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ విషయంలో అలా మరచిపోవడం సాధ్యం కాదు.

కాన్పూరు ఐఐటీలో చదివి పాత్రికేయుడైన అనిల్ అగర్వాల్ 1980లో దీనిని స్థాపించారు. సునీతా నారాయణ్ 1982లో వచ్చి చేరారు.

1990లో వాషింగ్టన్‌లోని వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్ వెలువరించిన నివేదిక, భూతాపానికి కారణమవుతున్న మొదటి అయిదు దేశాలలో భారతదేశాన్నీ చేర్చింది. వరిపొలాల నుండీ పశువుల నుండీ వెలువడే మీథేను కూడా ఆ పద్దులో పడింది. 1991లో అగర్వాల్, నారాయణ్ ఒక చిన్న పుస్తకంతో బదులు చెప్పారు. సముద్రాలూ అడవులూ పీల్చుకోగల వాయువులో ప్రతి మనిషికీ సమానమైన వాటా ఉన్నదనీ, ఆ వాటాకు లోబడి బ్రతికేవారిని దోషులనరాదనీ వారి వాదం. బ్రతుకుతెరువుకై వెలువడేది వేరు, విలాసానికై వెలువడేది వేరు. మన డెల్టాలలోని మాగాణి రైతు తరఫున కూడా పలికిన వకాల్తా అది.

2002 జనవరి 2న అగర్వాల్ కాన్సరుతో కన్నుమూశారు. సారథి ఒరిగినా రథం ఆగలేదు. నారాయణ్ పగ్గాలు వదలలేదు. 2005లో సంస్థకు స్టాక్‌హోమ్ జల పురస్కారం లభించింది.

మీథేనుకు పేద, ధనిక భేదం తెలియదు, నిజమే. అయినా క్రియ ఒకటే అయినంత మాత్రాన కర్తలందరూ ఒకటి కారని వ్యాకరణం చదివినవారికి వేరే చెప్పాలా? ముందుగా తగ్గవలసినది ఎవరన్న ధర్మసందేహం నేటికీ తీరలేదు.