కబ్బన్ పార్కు ఎవరిది?

బెంగళూరులో స్థిరపడిన మన తెలుగు ఇళ్లలో ఆదివారం షికారంటే రెండే చోట్లు: లాల్‌బాగ్, కబ్బన్ పార్కు. కన్నడ బళ్లో చదువుకున్న మాకు లాల్‌బాగ్ అంటే 'కెంపుతోట'. ఇంట్లో పెద్దవాళ్లకి ఆ మాట విడమరచి చెప్పక్కర్లేదు. కెంపూ తెలుగులో ఉంది, తోటా ఉంది.

ఈ రెండు తోటల చరిత్ర ఎదురెదురు దారుల్లో నడిచింది. లాల్‌బాగ్‌ని 1760లో హైదర్ అలీ తన కోసం వేయించుకున్నాడు. 1799లో టిప్పు పోయాక అది కుంపిణీ చేతికొచ్చింది, 1856లో సర్కారు ఉద్యానవనమైంది. నవాబు తోట జనం తోటగా మారింది. కబ్బన్ పార్కు అలా కాదు. 1870లో మైసూరు చీఫ్ ఇంజనీరు సాంకీ దాన్ని మొదట్నుంచీ జనం కోసమే వేశాడు. అయినా పోను పోను లోపల కొన్ని ముక్కలకి వేరే గేట్లు వచ్చాయి.

వాటిలో సెంచురీ క్లబ్బు ఒకటి. 1917లో దాన్ని పెట్టింది విశ్వేశ్వరయ్యగారు. మోక్షగుండం అనే ఇంటిపేరు ఆంధ్రలోని ఒక ఊరిది, అంటే ఆయన పూర్వులు మనలాగే వలసొచ్చినవాళ్లు. దొరల క్లబ్బుల్లోకి మనవాళ్లని రానివ్వని రోజులవి. అప్పట్లో ఆ క్లబ్బు అవమానానికి జవాబు. కానీ ఇవాళ పార్కుకొచ్చిన మామూలు మనిషికి అదీ సభ్యులకే తెరుచుకునే గేటు.

1975లో ప్రభుత్వ పార్కుల రక్షణ చట్టం వచ్చింది. ఈ తోటల భూమిని అమ్మకూడదు, లీజుకివ్వకూడదు అంది. అయినా 1998లో కబ్బన్ పార్కులో కొంత భాగాన్ని చట్టం నుంచి తప్పించబోతే ఊరి జనం రోడ్డెక్కాల్సి వచ్చింది.

నిర్వహణకి డబ్బు కావాలి, నిజమే. లాల్‌బాగ్‌లో టిక్కెట్టు పెట్టారు, పొద్దున వాకింగ్‌కి వచ్చేవాళ్లకి మినహాయించారు. టిక్కెట్టు ఎవరైనా కొనుక్కోవచ్చు, సభ్యత్వం అలా కాదు. కంచె పడితే నష్టపోయేది ఇంకెక్కడికీ పోలేనివాళ్లే: పింఛను తాతలు, బంతి పట్టుకొచ్చిన పిల్లలు, మధ్యాహ్నం చెట్టుకింద డబ్బా విప్పుకునే కూలీలు.

మీరుండే ఊళ్లోనూ ఇలాంటి తోట ఒకటి ఉండే ఉంటుంది. ఈసారి వెళ్లినప్పుడు లోపల ఎన్ని గేట్లున్నాయో, ఏది ఎవరికి తెరుస్తారో పిల్లలతో కలిసి లెక్కపెట్టండి.