ద్రాక్ష సాగు, వైన్ తయారీలో పీజీ: చేరే ముందు తెలుసుకోవలసినవి

రంగారెడ్డి జిల్లా: హైదరాబాద్ చుట్టూ మేడ్చల్, శామీర్‌పేట, కీసర ప్రాంతాల్లో ఒకప్పుడు ఎటు చూసినా ద్రాక్ష పందిళ్లే కనిపించేవి. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ నగరానికి తెచ్చి నాటిన అనాబ్-ఎ-షాహీ రకమే ఆ సాగుకు మూలమని ఉద్యాన గ్రంథాలు పేర్కొంటున్నాయి. ఆ పందిళ్లలో అధిక భాగం ఇళ్ల స్థలాలుగా మారిపోయాయి. తోటలు తగ్గినప్పటికీ ద్రాక్షను చదువుగా ఎంచుకోవచ్చునా అని అడిగే డిగ్రీ విద్యార్థులు ఉన్నారు. చదువుకు మార్గాలు ఉన్నాయి. అయితే ఏ మార్గం ఎక్కడికి చేరుస్తుందో ముందుగా తెలియకపోతే ఖర్చు, కాలం రెండూ వృథా కాగలవు.

ఈ చదువులో రెండు శాఖలు ఉన్నాయి. తీగ పెంపకాన్ని బోధించేది విటికల్చర్. పండును వైన్‌గా మార్చే శాస్త్రం ఈనాలజీ. విద్యార్థులకు రెండవదాని మీదే మోజు ఎక్కువ. ఉద్యోగాలు మాత్రం మొదటిదానిలో ఎక్కువ. మన దేశంలో పండే ద్రాక్షలో అత్యధిక భాగం తినడానికి, ఎండు ద్రాక్షకే పోతుంది. వైన్‌కు వెళ్లేది బహు స్వల్పం. ‘వైన్స్’ అని బోర్డు పెట్టుకున్న మన దుకాణాల్లో అమ్ముడయ్యే సరుకులో వైన్ ఎంత ఉంటుందో అందరికీ తెలిసినదే.

దేశంలో చదువు

ఉద్యాన లేదా వ్యవసాయ పట్టభద్రులకు దగ్గరి దారి ఎమ్మెస్సీ హార్టికల్చర్‌లో పండ్ల శాస్త్రం. రెండేళ్ల ఈ కోర్సును శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయంలోనూ, పశ్చిమ గోదావరి జిల్లా వెంకటరామన్నగూడెంలో 2007లో ఏర్పడిన డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయంలోనూ చదవవచ్చు. ఇతర రాష్ట్రాల్లో సీటు కోరేవారు భారత వ్యవసాయ పరిశోధన మండలి తరఫున జరిగే జాతీయ పీజీ ప్రవేశ పరీక్ష రాయవలసి ఉంటుంది. పరిశోధనాంశంగా ద్రాక్షను ఎంచుకునే విద్యార్థికి రాజేంద్రనగర్‌లోని ద్రాక్ష పరిశోధన కేంద్రం సమీపంలోనే ఉండటం ఒక సౌలభ్యం.

వైన్ తయారీకి మాత్రం పుణె వైపు చూడాలి. అక్కడి మాంజరిలో వసంతదాదా షుగర్ ఇన్‌స్టిట్యూట్ వైన్, బ్రూయింగ్, ఆల్కహాల్ టెక్నాలజీలో ఎమ్మెస్సీ నడుపుతోంది. సైన్స్ పట్టభద్రులు ఏ సబ్జెక్టులతో అర్హులవుతారో ఆ సంవత్సరపు ప్రకటనలో చూసుకోవాలి. 1997లో నెలకొల్పిన జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రం కూడా మాంజరిలోనే ఉంది. అది స్వయంగా డిగ్రీ ఇచ్చే సంస్థ కాదు. నేల, వేరు మూలాలు, తెగుళ్లు, రసాయన అవశేషాల మీద పని నేర్చుకోవడానికి దేశంలో దానికి మించిన చోటు లేదనే చెప్పాలి.

విదేశాల్లో

అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణం ఈ చదువుకు పేరెన్నిక గన్నది. అక్కడి ఎమ్మెస్‌లో చేరడానికి కర్బన రసాయనశాస్త్రం, జీవ రసాయనశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం, గణాంకశాస్త్రం, కాల్‌క్యులస్ వంటి పునాదులు కావాలి. మన వ్యవసాయ డిగ్రీలో గణితం పాలు తక్కువ కనుక ఈ లోటును ముందే పూడ్చుకోవడం మేలు. ఫ్రాన్స్‌లోని మోంపెలియే కేంద్రంగా ఐరోపా విద్యాసంస్థలు కలిసి ‘వినిఫెరా’ మాస్టర్స్ నడుపుతున్నాయి. మొదటి సంవత్సరం మోంపెలియేలో ఆంగ్ల మాధ్యమంలో సాగుతుంది. రెండవ సంవత్సరం ఇటలీ, స్పెయిన్, పోర్చుగల్, జర్మనీ వంటి దేశాల్లోని భాగస్వామ్య సంస్థల్లో చదవాలి. ఆస్ట్రేలియాలో అడిలైడ్, న్యూజిలాండ్‌లో లింకన్ విశ్వవిద్యాలయాలు కూడా ఉన్నాయి.

మోంపెలియే పేరుకు ఒక చరిత్ర ఉంది. ఫైలోక్సెరా అనే పురుగు ఫ్రాన్సు తోటలను వేళ్లతో సహా నాశనం చేస్తున్న రోజుల్లో, 1868లో, ఆ పురుగును గుర్తించిన వారిలో అక్కడి ఆచార్యుడు ప్లాంషాన్ ముఖ్యుడు. అమెరికా జాతుల వేరు మూలం మీద ఐరోపా తీగను అంటు కట్టడమే ఆ ఉపద్రవానికి విరుగుడు అయింది. దక్కన్ తోటల్లో ఉప్పు నేలలను, నీటి ఎద్దడిని తట్టుకోవడానికి డాగ్‌రిడ్జ్ వేరు మూలం మీద అంటు కట్టడం ఆ విద్యకు కొనసాగింపే.

అక్కడి పాఠం, ఇక్కడి తోట

విదేశీ పట్టా పుచ్చుకుని వచ్చినవారు గ్రహించవలసిన ముఖ్య విషయం ఒకటి ఉంది. ఐరోపా, కాలిఫోర్నియాల్లో శీతాకాలం రాగానే తీగ ఆకు రాల్చి నిద్రాణమవుతుంది. కత్తిరింపు ఏడాదికి ఒక్కసారే. మన పీఠభూమిలో తీగకు నిద్ర లేదు. అందుచేత వేసవిలో ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి, అక్టోబరు ప్రాంతంలో మరొకసారి కత్తిరిస్తారు. మొదటి కత్తిరింపు కాపునిచ్చే కొమ్మలను తయారు చేయడానికి, రెండవది పంట కోసం. మొగ్గలు ఏకకాలంలో చిగురించేందుకు హైడ్రోజన్ సయనమైడ్ పూస్తారు. ఈ పద్ధతికి డేవిస్ పాఠ్యపుస్తకంలో దొరికే చోటు కొద్దిపాటిదే. మహారాష్ట్ర రైతుకు మాత్రం అది నోటి లెక్క.

వైన్‌లోనూ తేడా ఉంది. వెచ్చని రాత్రులలో పండులోని మాలిక్ ఆమ్లం త్వరగా తరిగిపోతుంది. చక్కెర చాలినంత చేరేసరికి పులుపు తగ్గి, పీహెచ్ పెరిగి, రసం సూక్ష్మజీవులకు సులభంగా లోబడుతుంది. కల్లు ఎండ ముదిరేకొద్దీ పులిసిపోవడం ఎరిగినవారికి ఈ ఇబ్బంది వివరించనక్కరలేదు. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర ఒక శాతం ఆల్కహాలుగా మారుతుంది. లెక్క తేలికే. ఏ రోజున కోయాలన్నదే కష్టమైన నిర్ణయం.

పులిసే తొట్టెల నుంచి వెలువడే కార్బన్ డయాక్సైడ్ నేలబారున పేరుకుంటుంది. రంగూ వాసనా లేని ఆ వాయువు మనిషిని క్షణాల్లో స్పృహ తప్పించగలదు. ఖాళీ చేసిన తొట్టెలోకి పరీక్షించకుండా దిగరాదన్నది ఈ వృత్తిలో మొదటి పాఠం కావాలి. ప్రవేశానికి ముందు ఏ సంస్థనైనా అడగదగిన ప్రశ్న, ‘విద్యార్థి చేత నిజంగా సెల్లార్‌లో పని చేయిస్తారా?’ అన్నది.

తోట వైపు చదివినవారి విలువ 2010లో బాగా తెలిసివచ్చింది. ఆ ఏడు ఐరోపాకు వెళ్లిన భారత ద్రాక్షలో క్లోర్‌మెక్వాట్ అనే పెరుగుదల నియంత్రకం అవశేషాలు పరిమితిని మించాయని సరుకును నిలిపివేశారు. రైతులూ ఎగుమతిదారులూ భారీగా నష్టపోయారు. ఏ మందు ఎప్పుడు కొట్టాలి, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలి అని చెప్పగలిగిన పట్టభద్రుడికి ఎగుమతి సంస్థల్లో, ప్రయోగశాలల్లో పని దొరుకుతుంది.

ఖర్చు, ఉపాధి

విదేశీ చదువుకు అప్పు చేసే కుటుంబాలు ఇక్కడ ఆగి ఆలోచించాలి. మన దేశంలో వైన్ పరిశ్రమ ప్రధానంగా నాసిక్, పుణె, బెంగళూరు పరిసరాలకే పరిమితం. మహారాష్ట్ర 2001లో, కర్ణాటక 2007లో ప్రత్యేక విధానాలు ప్రకటించిన తరువాతే అది నిలదొక్కుకుంది. కొత్తగా చేరినవారికి దొరికే జీతంతో డాలర్లలో చేసిన అప్పు తీర్చడం కష్టమన్నది మా అభిప్రాయం. ఉపకార వేతనం ఖాయమైతేనే బయలుదేరడం క్షేమం. వినిఫెరాకు ఎరాస్మస్ ముండస్ వేతనాలు ఆ ఏడాది ఉన్నాయో లేవో దరఖాస్తుకు ముందే తెలుసుకోవాలి. పొలం ఉన్న ఇంటి బిడ్డలకు దేశీయ ఎమ్మెస్సీ, ఆపై ఒక కోత కాలం విదేశీ తోటలో పని అనే క్రమం మేలైనది.

ఈ క్రమానికి రుతువులు కూడా అనుకూలమే. నాసిక్‌లో వైన్ ద్రాక్ష కోత జనవరి నుంచి మార్చి దాకా సాగుతుంది. కాలిఫోర్నియా, ఫ్రాన్స్‌లలో ఆగస్టు నుంచి అక్టోబరు వరకు. వీసా దొరికితే ఒకే సంవత్సరంలో రెండు కోతలు చూడవచ్చు. చేరాలా వద్దా అని ఊగిసలాడేవారు ముందుగా అక్టోబరు కత్తిరింపు వేళ ఏదైనా తోటలో పది రోజులు కత్తెర పట్టి చూడవచ్చు. దానికి రుసుమూ లేదు, ప్రవేశ పరీక్షా లేదు.