పండుగ ఎప్పుడు పిన్నిగారూ?

"పిన్నిగారూ, మీ పంచాంగంలో ఏకాదశి ఇవాళా, రేపా?" అని పిట్టగోడ మీంచి అడగని ఇల్లాలు మనలో ఉండదేమో. ఆవిడ పంచాంగంలో ఒకరోజు, మన పంచాంగంలో ఇంకోరోజు. ఉపవాసం ఉండేది మనం, పిండివంటలకు పప్పు నానబోసేదీ మనమే. కనుక ఈ తేడా ఎక్కడిదో మనకు తెలియాలి కదండీ.

తిథి అంటే రోజు కాదు. చంద్రుడు సూర్యుడికి 12 డిగ్రీలు ఎడం జరగడానికి పట్టే కాలం. చంద్రుడి నడక ఒక్కతీరుగా ఉండదు. అందువల్ల తిథి ఒకప్పుడు 20 గంటలకే తీరిపోతుంది, ఒకప్పుడు 26 గంటలు సాగుతుంది. సాధారణంగా సూర్యోదయానికి ఏ తిథి ఉంటే ఆరోజు ఆ తిథే. పాత సిద్ధాంతపు లెక్కతో ఒకరు, నేటి ఖగోళ పరిశీలనకు సరిపడే దృగ్గణితంతో మరొకరు పంచాంగం కడితే తిథి ముగిసే వేళ కొన్ని గంటలు తేడా వస్తుంది. ఆ గంటల మధ్య సూర్యుడు ఉదయించాడా, పండుగ రెండుగా చీలిందన్నమాటే!

ఇంతకంటే నెమ్మదైన తేడా మరొకటుంది. సూర్యసిద్ధాంతం చెప్పే సంవత్సరం, ఋతువులు తిరిగివచ్చే సంవత్సరం కంటే సుమారు 24 నిమిషాలు పెద్దది. అంటే ఒక్క గడియ. గడియే కదా అనుకుంటాం. ప్రభవ నుంచి అక్షయ దాకా అరవయ్యేళ్ళు తిరిగేసరికి అది ఒక రోజవుతుంది. సుమారు 1,400 ఏళ్ళకు 23 రోజులు! పగటిపొద్దు పెరగడం మొదలయ్యేది డిసెంబరు 22 ప్రాంతంలో. ఉత్తరాయణ పుణ్యకాలమని మనం సంక్రాంతి ముగ్గులు పెట్టేది జనవరి 14, 15 తేదీల్లో.

1952లో మేఘనాద్ సాహా అధ్యక్షతన ప్రభుత్వం వేసిన సంఘం దేశంలో దాదాపు 30 రకాల పంచాంగాలున్నాయని తేల్చి, 1955లో నివేదిక ఇచ్చింది. దాని ప్రకారం 1957 మార్చి 22న, శకం 1879 చైత్రం 1న, జాతీయ పంచాంగం అమలులోకి వచ్చింది. అది చూడకుండానే 1956 ఫిబ్రవరిలో సాహాగారు కన్నుమూశారు.

ప్రభుత్వపు తేదీలను ఋతువులతో ముడివేసిన ఆ సంఘం, పండుగలను మాత్రం 23 రోజులు వెనక్కి లాగలేదు. మంచిపనే చేశారంటాను నేను. కుప్పలు నూర్చకముందే అరిసెలకు పిండి కొట్టమంటే ఏ ఇల్లాలు ఒప్పుకుంటుంది? తిథులకు మాత్రం అందరికీ ఒకే లెక్క ఉండాలని రాష్ట్రీయ పంచాంగం వేయించారు. తెలుగులోనూ వచ్చింది. అయినా పిట్టగోడ మీది ప్రశ్న ఆగలేదు. మొన్న ఏకాదశికి కూడా పిన్నిగారిది ఒకరోజు, నాది ఒకరోజు.