దొంగ కాగితానికి శిక్షెంత?

1775 ఆగస్టు 5న కలకత్తాలో మహారాజా నందకుమార్‌ను ఉరి తీశారు. మోపిన నేరం దొంగ పత్రం పుట్టించడం. నగల తాలూకు బాకీ ఉన్నట్టు చూపే ఓ బాండు అది. గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్ లంచాలు మింగాడని నందకుమార్ ఫిర్యాదు చేసి అప్పటికి నిండా ఆర్నెల్లు కాలేదు. కలకత్తా సుప్రీంకోర్టు వెలిసిందే 1774లో, బాండు అంతకు ముందటిది. అయినా చీఫ్ జస్టిస్ ఎలైజా ఇంపే ఇంగ్లండు చట్టం తెచ్చి అతికించాడు. రాజశాసనాన్ని తారుమారు చేస్తే చావేనని మనుస్మృతిలో ఉంది గానీ, బాకీ పత్రానికి ప్రాణం తీయడం ఇక్కడివాళ్లకు కొత్త. అది న్యాయమో పగో ఇప్పటికీ చరిత్రకారులు తగవులాడుకుంటూనే ఉన్నారు. నాకైతే ఆ తొందరే అనుమానం.

తమాషా ఏమిటంటే, ఫోర్జరీకి ఉరి వద్దన్నవాళ్లలో ఇంగ్లండు బ్యాంకర్లూ ఉన్నారు. ఉరి పడుతుందని తెలిసి జ్యూరీలు దోషి అనడానికి వెనకాడేవి, దొంగలు తప్పించుకునేవాళ్లు. శిక్ష తగ్గించమని 1830లో బ్యాంకర్లే పార్లమెంటుకు మొరపెట్టుకున్నారు. ఆ దశాబ్దంలోనే ఫోర్జరీకి ఉరి పోయింది.

2024 జులై దాకా అమల్లో ఉన్న 1860 నాటి మన పీనల్ కోడ్‌లో ఆ ఉరి లేదు. విలువైన పత్రాన్ని ఫోర్జరీ చేస్తే సెక్షన్ 467 కింద యావజ్జీవం, లేదా పదేళ్ల దాకా జైలు ఉండేది. అసలు పదునైనది 471: దొంగదని తెలిసీ వాడితే, రాసినవాడికి పడే శిక్షే వాడినవాడికీ పడేది.

సత్యం కంప్యూటర్స్ కేసులో ఈ సెక్షన్లన్నీ హైదరాబాదు కోర్టులో వినబడ్డాయి. 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ ప్రకారం, లెక్కల్లోని నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు ఉత్తివే. లేని డిపాజిట్లకు రసీదులు, లేని అమ్మకాలకు ఇన్‌వాయిస్‌లు పుట్టించారని సీబీఐ అభియోగం. 2015 ఏప్రిల్‌లో పదిమందికి ఏడేళ్లు పడింది. మర్నెలలోనే పైకోర్టు ఆ శిక్షను నిలిపి బెయిలిచ్చింది.

కాగితం రాసినవాడు జైలుకెళ్లినా, దానితో లాగిన డబ్బు ఎక్కడో భూములై, షేర్లై హాయిగా పెరుగుతుంటుంది. దాని వెంట పడటానికే మనీలాండరింగ్ నిరోధక చట్టం, 2005 జులై 1 నుంచి అమల్లో ఉంది. శిక్ష మూడు నుంచి ఏడేళ్లు, మత్తుమందుల సొమ్మయితే పదేళ్ల దాకా. 467తో పోలిస్తే ఇది తక్కువే. అయినా ఈ చట్టాన్ని అమలు చేసే ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) అంటే జనం జడుసుకునేది తీర్పుకు కాదు. ముందే ఆస్తులు జప్తవుతాయి, నిందితుడు నిర్దోషి అని జడ్జికి అనిపిస్తే తప్ప బెయిలు దొరకదు.

ఆ బెయిలు షరతుల్ని 2017లో కొట్టేసిన సుప్రీంకోర్టే, సవరణ తర్వాత 2022 జులైలో సమర్థించింది. అదే తీర్పులో ఒక మెలిక పెట్టింది. ఆ సొమ్ము పుట్టిన మూలనేరంలో నిర్దోషిగా తేలితే లాండరింగ్ కేసూ నిలవదు. ఆ మూలనేరాల జాబితాలో ఫోర్జరీ ఉంది, దొంగ పత్రం వాడటమూ ఉంది.