కూచిపూడి భాగవత మేళాల సంచార జీవితం

కృష్ణా డెల్టా దిగువన, పాత దివి తాలూకాలో మొవ్వకు చేరువనున్న కూచిపూడి అగ్రహారం నుంచి ఊరూరా తిరిగి ఆటలాడిన బ్రాహ్మణ పురుషుల బృందాలను భాగవత మేళాలంటారు. దేవదాసీల నట్టువమేళం నుంచి వేరు చేయడానికి వీటికి నాట్యమేళమన్న పేరు వాడుకలో ఉంది. కూచిపూడి గురించి రాసినవారిలో చాలామంది ఈ కళను అగ్రహారపు భక్తి ఫలంగానే చూశారు. సంచారాన్ని పొట్టకూటి అవసరంగా ఒకటి రెండు వాక్యాల్లో ముగించారు. అయితే కలాపాల నిర్మాణాన్ని, దొరికిన కొద్దిపాటి పత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ కళారూపంలోని ముఖ్య లక్షణాలు ఊరు దాటి తిరగడం వల్లనే స్థిరపడ్డాయని చెప్పడానికి ఎక్కువ ఆధారం కనిపిస్తుంది.

మొదటి ఆధారం ప్రదర్శన పద్ధతిలోనే ఉంది. భామాకలాపానికి కావలసిన పాత్రలు ప్రధానంగా మూడు: సత్యభామ, మాధవి, కృష్ణుడు. మాధవిగా, మాధవుడిగా నిలిచి కథ నడిపేది సూత్రధారే. తాళం పట్టేదీ, వంతపాడేదీ, హాస్యం పుట్టించేదీ, ఒక ఘట్టాన్ని మరో ఘట్టంతో కలిపేదీ అతనే. గొల్లకలాపంలో గొల్లభామ, బ్రాహ్మణుడు ఉంటే చాలు. రంగస్థలం అక్కర్లేదు. గుడి ముందరి ఖాళీ జాగా, కాగడాలు, వేషం ప్రవేశించేటప్పుడు మంట ఎగసేలా చల్లే గుగ్గిలం, ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకునే తెర, మద్దెల, శ్రుతి, తాళాలు ఉంటే ఆట మొదలవుతుంది. పాత్ర వచ్చి ప్రవేశదరువులో తానెవరో తానే చెప్పుకుంటుంది. సత్యభామ తెర మీదుగా జడ వేసి, తనను ఓడించగలవారుంటే రమ్మని సవాలు విసురుతుంది. నిన్నటిదాకా తమ ముఖం ఎరగని ఊళ్లో, ఎవరు ఎవరో ఎరగని ప్రేక్షకుల ముందు ఆడేవారికి ఈ ఏర్పాట్లన్నీ అవసరం. ఒకే గుడికి, ఒకే సభకు కట్టుబడిన కళకు ఇంత పొదుపు, ఇంత స్వపరిచయం అక్కర్లేదు. ఊళ్లో పుట్టిన ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా భామ వేషం కట్టాలన్న నియమాన్ని సంప్రదాయం సిద్ధేంద్ర యోగికి ఆపాదిస్తుంది. దాని వెనుక భక్తి ఉందనడంలో సందేహం లేదు. కానీ ఒకరు జబ్బుపడితే మరొకరు అందుకోగల మేళమే దారిలో నిలబడుతుంది. ఆ వెసులుబాటును కూడా ఈ నియమమే ఇచ్చింది.

ఇలాంటి పద్ధతులు వీధి భాగవతాల్లోనూ, కన్నడ యక్షగానంలోనూ ఉన్నాయి గనుక అవి కూచిపూడి సంచారానికి సాక్ష్యం కావని అభ్యంతరం రావచ్చు. నిజమే, కానీ అవి కూడా ఊరూరా తిరిగిన మేళాలే. పోలిక వాదాన్ని బలపరుస్తుందే గాని చెరపదు. కలాపాన్ని సిద్ధేంద్రుడే ఒక్కడై రూపొందించాడన్నది ఇంకా గట్టి అభ్యంతరం. ఆయన కాలాన్ని 14వ శతాబ్ది నుంచి 17వ శతాబ్ది వరకు రకరకాలుగా చెప్పారు. నారాయణతీర్థులతో ముడిపెట్టే కథనాన్నీ, కలాపంలోని భాషనూ పరిగణిస్తే 17వ శతాబ్ది ఎక్కువ నమ్మదగినదిగా తోస్తుంది. అది ఒప్పుకుంటే, సిద్ధేంద్రుడి కంటే ముందే తిరుగుతున్న మేళాల ప్రస్తావన మనకు దొరుకుతుంది.

ఆ ప్రస్తావన మాచుపల్లి కైఫియత్తులోనిది. సిద్ధవటం సీమ పాలకుడు సమ్మెట గురవరాజు ప్రజలను పెట్టిన హింసలను కూచిపూడివారు విజయనగరంలో వీరనరసింహరాయల సముఖాన కేళికగా ఆడి చూపారని, రాయలు ఆ పాలకుణ్ణి శిక్షించాడని అందులోని కథ. వీరనరసింహుడి పాలన 1505–1509. కైఫియత్తులు, అంటే ఊళ్ల స్థానిక వృత్తాంతాలు, కంపెనీ కాలపు అధికారి మెకంజీ సేకరించినవి. అంటే జరిగిందన్న సంఘటనకూ రాతకూ మధ్య దాదాపు మూడు శతాబ్దాల ఎడం ఉంది. పైగా వారు వినుకొండ, బెల్లంకొండ వైపు నుంచి వచ్చారని ఉండటం, కూచిపూడి పేరుగల ఊరు గుంటూరు సీమలోనూ ఉండటం అనుమానానికి చోటిచ్చాయి. అందువల్ల ఈ కథను 16వ శతాబ్ది చరిత్రగా యథాతథంగా వాడుకోలేం. కడప సీమ జనం మాత్రం కూచిపూడివారిని దూరదేశం నుంచి వచ్చి, చూసిన అన్యాయాన్ని రాజుదాకా మోసుకుపోయిన వారిగా గుర్తుపెట్టుకున్నారు. మన వాదానికి ఆ జ్ఞాపకం చాలు. తంజావూరు సీమలోని మెలట్టూరు భాగవతుల పూర్వీకులు ఈ డెల్టా నుంచే వలస వెళ్లారన్నది కొందరి అభిప్రాయం. అక్కడ నేటికీ నాటకాలు తెలుగులోనే ఆడటం నిశ్చయం, కానీ అవి కూచిపూడి మేళాల సంతతేనని చెప్పడానికి భాష ఒక్కటే చాలదు.

అగ్రహారం దక్కాక తిరుగుడు ఆగిందా? గోలకొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా బందరు వెళుతూ దారిలో ఆట చూసి, 1678 ప్రాంతాన ఊరిని భాగవతులకు ఇచ్చాడని ప్రసిద్ధి. దానం కథకు ప్రధాన ఆధారం ఊరి సంప్రదాయం. ఆ తర్వాత 1763లో ఊరి వాటాల తగవు తీర్చిన పత్రంలో వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల వంటి ఇంటిపేర్లు కనిపిస్తాయి. ఇంటింటికీ వాటా ఉండటం భాగవతులు స్థిరపడ్డారని చెబుతుంది, నిజమే. కానీ తిరిగి రావడానికి ఇల్లూ, కుటుంబాన్ని వదిలి వెళ్లడానికి భూమీ ఉన్నవారే నెలల తరబడి బయట ఉండగలరు. కోతలు, నూర్పిళ్లు ముగిసి రైతు చేతికి గింజ వచ్చే రోజులు ఆటలకు అనువైనవి. 1850లలో బెజవాడ ఆనకట్ట కట్టాక గుడివాడ, దివిసీమ పల్లెల్లో మాగాణి పెరగడం మేళాలకు ఆదరువు పెంచి ఉండవచ్చు. కలాపాలు లేనప్పుడు చిన్న జట్లు అర్ధనారీశ్వర వంటి పగటివేషాలతో తిరిగేవి.

సంచారానికి పెద్ద దెబ్బ నాటక కంపెనీల నుంచి వచ్చింది. ధార్వాడ బృందాల ఆటలు చూశాక 1880లలో బందరులో నాటక సమాజం పుట్టింది. దివిసీమకు చెందిన నాదెళ్ల పురుషోత్తమ కవి దానికోసం హిందీ నాటకాలు తెలుగు లిపిలో రాశారు. తెలుగు ఊళ్లో హిందీ నాటకానికి జనం టిక్కెట్టు కొని రావడం చిన్న విషయం కాదు. పందిరి కింద ఉచితంగా సాగే రాత్రి ఆటకు అది గట్టి పోటీ. చింతా వెంకటరామయ్య (1860–1949) వెంకటరామ నాట్యమండలితో బదులిచ్చారు. ప్రహ్లాద చరిత్ర, ఉషాపరిణయం వంటి ఎక్కువ పాత్రల యక్షగానాలను పైకి తెచ్చారు. దాంతో మేళం పెద్దదైంది, ఖర్చూ పెరిగింది. కలాపపు పొదుపును వదలడం వల్లే తర్వాతి తరం మద్రాసు సినిమాల వైపు కదిలిందనడం అతిశయోక్తి కావచ్చు గాని, ఆ రెండూ ఒకే కాలానివి. వేదాంతం రాఘవయ్య సినిమా దర్శకులయ్యారు. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి, స్త్రీలకు నేర్పి, నృత్యనాటకాలను విదేశాలకు తీసుకుపోయారు. ఆ బృందాలూ తిరిగాయి. కానీ ఆహ్వానం, తేదీ, హాలు ముందే ఖాయమైన ప్రయాణాలవి. కాగడా వెలుగులో తానెవరో చెప్పుకోవలసిన అవసరం వాటికి లేదు. ప్రవేశదరువు అక్కడ నిమిషాల్లో ముగిసే అంశమైంది. వేదాంతం సత్యనారాయణ శర్మ (1935–2012) మాత్రం భామ వేషాన్ని పాత ఒరవడిలోనే చివరిదాకా నిలిపారు. 1970లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.