జహీరాబాద్ బండ్లు ఏమైనయ్?

పాత పికప్ ఒకటి అగ్గువకు తీస్కొని, ఇంటికాడ పెట్టుకొని విప్పుకుంట బిగించుకుంట పని నేర్చుకుంటనని తమ్ముడొకడు మెసేజ్ పెట్టిండు. ఏ కంపెనీది కొనాల్నని అడిగిండు. అప్పు తెచ్చిన పైసలతోని కొంటడట, అందుకే జెర వివరంగ రాస్తున్న. దీనికి నలభై ఏండ్ల కథ ఉన్నది, అందుల సగం మన జిల్లాదే.

మన జిల్లా అంటె పాత మెదక్. 2016 దసరాకు సిద్దిపేట వేరే జిల్లా అయ్యేదాక జహీరాబాదు, మనం ఒక్క జిల్లానే. అది పడమటి కొస, మనం తూర్పు కొస. 1980లల్ల జపాను కంపెనీలతోని కలిసి చిన్న లారీలు చేసేటియి నాలుగు వచ్చినయ్. ఉత్తరప్రదేశ్‌ల డీసీఎం టయోటా, మధ్యప్రదేశ్‌ల ఐషర్ మిత్సుబిషి, పంజాబ్‌ల స్వరాజ్ మజ్దా, నాలుగోది జహీరాబాద్‌ల ఆల్విన్ నిస్సాన్. ఆల్విన్ 1942ల నిజాం కాలంల పుట్టిన హైదరాబాద్ కంపెనీ. ఫ్రిజ్‌లు, గడియారాలు, బస్సు బాడీలు చేసేది. అదే నిస్సాన్‌తోని కలిసి క్యాబ్‌స్టార్ బండి తీసింది. (డీసీఎం టయోటా ఎప్పుడో పోయింది గని, మార్కెట్ యార్డుల నడిమి సైజు లారీ ఏది వచ్చినా ఇప్పటికీ "డీసీఎం వచ్చింది" అనే అంటం.)

బండ్లు మంచియే. తిప్పలల్లా సామాన్లకాడ వచ్చింది. ముఖ్యమైనయి జపాన్ నుంచి రావాలె, 1985 తర్వాత అక్కడి యెన్ విలువ బాగ పెరిగింది. సామాను ధర రూపాయలల్ల ఎక్కుతనే పోయింది. సరిగ్గ 1986లనే టాటావాళ్లు 407 దించిన్రు. ఇంజను ఇక్కడిదే, సామాను ఇక్కడిదే, బాగు చేసే మిస్త్రీలూ ఇక్కడోళ్లే. 1989ల ఆల్విన్ నిస్సాన్ మహీంద్రా చేతికి పోయింది. క్యాబ్‌స్టార్ ముఖమే తర్వాత లోడ్‌కింగ్ పేరుతోని తిరిగింది గని, లోపట ఇంజను మహీంద్రాది. చూడనీకె రెండూ అన్నదమ్ముల లెక్కనే ఉంటయ్. నిస్సాన్ ఇంజనున్నది అగ్గువకు వస్తున్నదని తీస్కుంటె, ఒక్క ముక్క కోసం రాణిగంజ్ అంతా తిరగాలె. ఇప్పుడు జహీరాబాద్‌ల మహీంద్రా ట్రాక్టర్లు తయారైతున్నయ్.

ట్రాక్టర్ మాట వచ్చింది గనుక ఇంకోటి. మహీంద్రావాళ్లు 1947 నుంచి బొంబాయిల అమెరికా జీపులు బిగించిన్రు. 1963ల ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తోని కలిసి ట్రాక్టర్ కంపెనీ పెట్టిన్రు. ఆ బి-275 ట్రాక్టర్ ఇంజనునే తర్వాత డీజిల్ జీపుల్ల పెట్టిన్రు. ఇగ ఊర్లల్ల జీపు బతకక ఏమైతది? నాగలి బండిని విప్పే మిస్త్రీకి జీపు బానెట్ లేపితె తెల్సిన మొకమే కనవడ్డది.

టాటా పికప్ కథ కూడ గిట్లనే. 1988ల టాటామొబైల్ వచ్చింది, దాని వెనుక 207. 207 డీఐల ఉన్నది 407 వంశం ఇంజనే. అందుకే కొత్తగ పని నేర్చుకునేటోళ్లకు నేను చెప్పేది, కంప్యూటర్ లేని పాత 207 డీఐ గని, మహీంద్రా డీఐ పికప్ గని చూడున్రి. డీజిల్ పంపు, ఇంజెక్టర్లు, కమాన్ పట్టీలు అన్నీ చేతితోని పట్టుకొని చూసి అర్థం చేసుకునేటియే. సెన్సార్ల బండి అయితె లైటు వెలిగినప్పుడల్లా మిషను పెట్టి చూసేటోన్ని పిలవాలె, నేర్చుకునేది ఏముండది.

కాయితాలు ముందు చూడున్రి. ఆర్సీల ఫైనాన్స్ పేరుంటె అది తీసేదాక బయానా ఇయ్యద్దు. గూడ్సు బండి ఎనిమిదేండ్లు దాటితె ఏటా ఫిట్‌నెస్ చేయించాలె, ఆ ఖర్చు కూడ బండి ధరల కలుపుకోవాలె. ఇంజను పొగ చూసి భయపడకున్రి, అది మనం నేర్చుకునేదే. ఛాసిస్‌కు మాత్రం భయపడాలె. యూరియా మోసిన బండి పైన రంగు మెరుస్తది, కింద తుప్పు తింటది. అమ్మేటోన్ని అడిగితె చెప్పడు. ట్రాలీ కిందికి దూరి, చిన్న సుత్తెతోని కొసనుంచి కొసదాక కొట్టున్రి. ఖంగున మోగితె బేరం మాట్లాడున్రి. దబ్‌మని పెంకులు రాలితె, చాయ తాగి ఇంటికి రాన్రి.